ఇంటి కార్ఖానా: వడపోత సంచి మార్చే ముందు

గత సంచికలో రంపపు బల్లకు రక్షణ కవచం అమర్చుకొనే పద్ధతిని ముచ్చటించుకొన్నాము. అది చదివిన పాఠక మిత్రులు కొందరు, మరి ఆ బల్ల నుంచి లేచే దుమ్ము సంగతి ఏమిటని అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం చెప్పడానికి మాకున్న అర్హత ఏమంటే, ఈ విషయంలో మేము పొరపాటు చేశాము. ఒకటి కాదు, రెండు. వాటిని దాచకుండా చెప్పుకోవడమే ఈ నెల శీర్షిక.

మా ఉద్యోగ జీవితంలో అధిక భాగం బాయిలర్ల బూడిదను పట్టే వ్యవస్థల నిర్వహణలో గడిచింది. ఫిల్టర్ సంచులకు ఇటూ అటూ పీడనంలో ఎంత తేడా ఉన్నదో ప్రతి షిఫ్టులోనూ రిజిస్టరులో వ్రాయించేవాళ్ళము. ఒక పూట అంకె లేకపోతే సంజాయిషీ అడిగేవాళ్ళము. అట్టి మేము, మా క్వార్టర్ వెనుక రేకుల షెడ్డులో పదకొండు సంవత్సరాలుగా పనిచేస్తున్న చిన్న డస్ట్ కలెక్టర్ సంచిని ఒక్కసారి కూడ పరీక్షించి చూడలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

ఈ యంత్రాన్ని ఎరుగని వారికోసం రెండు మాటలు. రెండు అశ్వశక్తుల మోటారు ఒక పంకాను తిప్పుతుంది. ఆ పంకా రంపపు బల్ల నుంచి, చిత్రిక యంత్రం నుంచి పొట్టును గొట్టం ద్వారా గాలితోపాటు లాగి ఒక డ్రమ్ములోకి నెడుతుంది. బరువైన పొట్టు కింది సంచిలో పడుతుంది. గాలి పై సంచి బట్ట గుండా బయటకు పోతుంది. ఆ బట్టే వడపోత. అది మంచిదైతే షెడ్డులోకి శుభ్రమైన గాలి తిరిగి వస్తుంది. కాకపోతే మన కంటికి కనబడని దుమ్మును చిమ్మే యంత్రాన్ని మనమే డబ్బు పెట్టి కొని నడుపుకొంటున్నట్లు లెక్క.

మొన్నటి వేసవి సెలవులకు మా మనుమడు వచ్చాడు. ఆరేళ్ళవాడు. వాడికోసం మిగిలిపోయిన టేకు ముక్కలతో నాలుగు పెట్టెల రైలుబండి చేయడం మొదలుపెట్టాము. వాడు రోజంతా షెడ్డులోనే మా పక్కన స్టూలు వేసుకొని కూర్చొనేవాడు. నాలుగో రోజు నుంచి రాత్రిళ్ళు పొడిదగ్గు పట్టుకొంది. వైద్యుని వద్దకు తీసుకొని వెళితే, “ఇంట్లో దుమ్ము, పొగ ఏమైనా ఉన్నాయా?” అని అడిగారు. “లేవండీ. వడ్రంగం చేస్తానుగాని డస్ట్ కలెక్టర్ ఉన్నది” అని మేము ధీమాగా చెప్పాము. మా శ్రీమతి మాత్రం మా వైపు ఒకసారి చూసి ఊరకున్నారు. ఇంటికి వచ్చాక, “ఏమండీ, షెడ్డు పక్క గదిలో అద్దం మీద రోజూ నేను తుడుస్తున్నది ఏమిటనుకొంటున్నారు?” అన్నారు.

మరునాడు సాయంత్రం నాలుగు గంటలకు పిల్లవాణ్ణి లోపల ఉంచి, షెడ్డు తలుపు మూసి యంత్రం వేశాము. రేకులో మేకు ఊడిన చోట రంధ్రం గుండా ఎండ కిరణం ఒకటి సంచి పక్కగా పడుతున్నది. ఆ కిరణంలో సంచి బట్ట నుంచి పొగవలె సన్నని ధూళి ఎడతెగకుండా వస్తున్నది. కిరణం పడని చోట ఏమీ కనబడదు. నేల శుభ్రంగా ఉన్నది. పదకొండు సంవత్సరాలు ఆ శుభ్రమైన నేలను చూసుకొనే మేము తృప్తి పడ్డాము. ఇది మొదటి పొరపాటు.

కిటికీ గుండా వచ్చే ఎండలో కనబడే నలుసును మన ప్రాచీనులు త్రసరేణువు అన్నారు. తూనికలకు దానినే మొదటి మెట్టుగా పెట్టుకొన్నారు. ఆధునిక విజ్ఞానం అంతకంటె కిందికి దిగి మైక్రాన్లలో కొలుస్తుంది. మిల్లీమీటరులో వెయ్యో భాగం ఒక మైక్రాను. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రంపపు పొట్టు వందల మైక్రాన్లు ఉంటుంది. గరుకు కాగితం పట్టినప్పుడు లేచే పొడిలో పది మైక్రాన్ల లోపువి కూడ ఉంటాయి.

పరిమాణానికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, నేలకు దిగే వేగం దాని మీదనే ఆధారపడి ఉన్నది. నీటి సాంద్రత గల 100 మైక్రాన్ల కణం మనిషి ముఖమంత ఎత్తు నుంచి, అంటే మీటరున్నర నుంచి, కదలని గాలిలో ఐదారు సెకన్లలో నేలను చేరుతుంది. 10 మైక్రాన్ల కణానికి సుమారు 8 నిమిషాలు పడుతుంది. ఒక మైక్రాన్ కణానికి దాదాపు 12 గంటలు. పంకా తిరిగే గదిలో అది దిగనే దిగదు. నేల మీద కనబడేది అప్పటికే పడిపోయిన దుమ్ము. దాని వల్ల భయం తక్కువ. కనబడనిదే ఊపిరితిత్తులలోకి పోయే దుమ్ము. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తడి పెద్ద కణాలను ఆపగలవు. నాలుగైదు మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల చివరి అరల దాకా పోగలవు.

కలప ధూళి సహజమైనదే కదా, ఏమి చేస్తుందని మేమూ అనుకొనేవాళ్ళము. ఇంగ్లండులో కుర్చీల తయారీకి పేరుపొందిన హై వైకోంబ్ ప్రాంతపు వడ్రంగులలో అరుదైన ముక్కు కేన్సరు అసాధారణంగా ఎక్కువగా కనబడుతున్నదని అక్కడి వైద్యులు గుర్తించి, 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ కలప ధూళిని మనుషులలో కేన్సరు కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఇది ఏళ్ళ తరబడి, రోజంతా ఆ దుమ్ములో పనిచేసిన వారి మాట. ఆదివారం పూట పీట చెక్కుకొనే వారు దడుసుకోనవసరం లేదు. అయితే ఉబ్బసం, ముక్కు దిబ్బడ, చర్మపు దురద వంటివి కొందరికి కొద్దిపాటి ధూళితోనే రావచ్చు. టేకు, ఇరుగుడు వంటి కలపలలోని సహజ రసాయనాలు వీటికి కారణం కాగలవు. ఎం.డి.ఎఫ్. పలకలను కోసినప్పుడు లేచే ధూళి మరీ సన్నం; దానిలో ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు కూడ ఉంటుంది.

మన వృత్తికి సంబంధించిన ఒక పోలిక చెబుతాము. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, 2017 జనవరి నుంచి నెలకొల్పే థర్మల్ కేంద్రాల పొగగొట్టంలో ధూళి ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు. గట్టికలప ధూళి విషయంలో ఐరోపా సమాజం 2023 నుంచి కార్మికుడు పీల్చే గాలికి విధించిన పరిమితి ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు. ఆకాశంలోకి పోయే గాలికి ఒక లెక్క, ముక్కులోకి పోయే గాలికి ఒక లెక్క. మా సంచి గాలిని వదిలేది ఆకాశంలోకి కాదు, మనుమడి స్టూలు పక్కకు.

సంచి విప్పి చూస్తే, యంత్రంతోపాటు వచ్చిన నేత బట్ట అది. లోపల “30 మైక్రాన్లు” అని చీటీ కుట్టి ఉన్నది. వెంటనే బజారుకు పోయి, అదే కొలతలలో “1 మైక్రాన్” అని వ్రాసిన ఫెల్ట్ సంచి ఒకటి కొని తెచ్చి బిగించాము. సన్నని జల్లెడ తెస్తే సన్నని పిండి ఆగదా అన్నది మా తర్కం. ఇది రెండో పొరపాటు.

మొదటి రెండు రోజులు బాగానే ఉన్నట్లు తోచింది. కిరణంలో పొగ తగ్గింది. వారం తిరిగేసరికి రంపపు బల్ల మీద పొట్టు పేరుకోవడం మొదలయింది. మునుపు గొట్టంలోకి లాక్కొనిపోయే సన్నపొడి ఇప్పుడు రంపం పళ్ళ నుంచి నేరుగా మా ముఖం మీదికి వస్తున్నది. మోటారు తీసుకొనే కరెంటు కూడ తగ్గింది. యంత్రం తేలికగా నడుస్తున్నదని సంతోషించవలసిన విషయం కాదది. ఇటువంటి పంకాలలో గాలి ప్రవాహం తగ్గితే మోటారు మీద భారం తగ్గుతుంది. కరెంటు తగ్గడమంటే పంకా ఊపిరాడక ఉన్నదని అర్థం. సంచి దుమ్మును ఆపింది, గాలిని కూడ ఆపింది. వెనుక నుంచి రావలసిన దుమ్ము ముందు నుంచి వచ్చింది.

అప్పుడు బుద్ధి వచ్చి కాగితం, కలం తీశాము. ఈ లెక్క పదో తరగతి పిల్లలు చేయదగినదే. పాఠకులు తమ యంత్రం కొలతలతో చేసి చూసుకోవచ్చు.

యంత్రం పలక మీద నిమిషానికి 1200 ఘనపుటడుగులు, అంటే సుమారు 34 ఘనపు మీటర్లు అని ఉన్నది. అట్టి అంకెలు సాధారణంగా గొట్టాలు, సంచి లేకుండా పంకాను స్వేచ్ఛగా నడిపి తీసినవి. మిత్రుని వద్ద గాలివేగం కొలిచే పరికరం అరువు తెచ్చి, పాత సంచి తగిలించి 125 మిల్లీమీటర్ల గొట్టంలో కొలిస్తే సెకనుకు 20 మీటర్లు వచ్చింది. గొట్టం అడ్డుకోత వైశాల్యం 0.0123 చదరపు మీటర్లు. రెండూ గుణించి 60తో హెచ్చవేస్తే నిమిషానికి 14.7 ఘనపు మీటర్లు. పలక మీది అంకెలో సగం కూడ లేదు. కొత్త సంచితో వారం తర్వాత అదే గొట్టంలో సెకనుకు 11 మీటర్లు మాత్రమే ఉన్నది. కలప పొట్టు గొట్టంలో నిలిచిపోకుండా సాగడానికి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగం కావాలి.

ఇక సంచి. వ్యాసం 50 సెంటీమీటర్లు, ఎత్తు 80. చుట్టు బట్ట, పై మూత కలిపి 1.45 చదరపు మీటర్లు. నిమిషానికి 14.7 ఘనపు మీటర్ల గాలి 1.45 చదరపు మీటర్ల బట్ట గుండా పోవాలంటే, అది నిమిషానికి 10 మీటర్ల వేగంతో దూసుకొని పోవాలి. మన ప్లాంటులలో బూడిద పట్టే సంచులకు ఈ వేగాన్ని నిమిషానికి సుమారు ఒక మీటరు వద్ద ఉంచుతాము. ఇంటి యంత్రానికి అంత అక్కరలేదు గాని 3 మీటర్లు మించకపోవడం మంచిది. ఆ ప్రకారం మాకు కావలసిన బట్ట కనీసం 5 చదరపు మీటర్లు. ఉన్నది 1.45.

వేగం ఎక్కువైతే రెండు నష్టాలు. పీడనం వృథా అయి పంకా లాగే శక్తి తగ్గుతుంది. అంతేకాక సన్నని ధూళి బట్ట పైపొర మీద ఆగక నూలు మధ్యకు చొరబడి, కొంత అవతలికి పోతుంది, కొంత అక్కడే ఇరుక్కొంటుంది. ఎంత దులిపినా రాదు.

ఇక్కడ ఫిల్టర్ గురించిన ఒక అపోహ తొలగించుకోవాలి. అది జల్లెడ కాదు. బట్టలో రంధ్రం కంటె చిన్న కణాలు కూడ ఆగుతాయి. బరువైన కణం గాలితోపాటు మలుపు తిరగలేక దారానికి కొట్టుకొంటుంది. మధ్యరకం కణం దారం పక్కగా పోతూ తగిలి అంటుకొంటుంది. అతి చిన్న కణం గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ దారాన్ని చేరుతుంది. ఈ మూడింటికీ చిక్కకుండా తప్పించుకోగలిగేది సుమారు 0.3 మైక్రాన్ల కణం. హెపా ఫిల్టర్లను ఆ పరిమాణం దగ్గరనే పరీక్షించి 99.97 శాతం ఆపవలెనని నియమం పెట్టడానికి కారణమిదే. దీనికి తోడు, వాడకం మొదలైన కొద్ది రోజులకు బట్ట లోపలి ముఖం మీద పలుచని ధూళి పొర కడుతుంది. ఆ పొరే అసలైన ఫిల్టర్. ఇడ్లీ పళ్ళెంలో తడిబట్టవలె కింది బట్ట దానికి ఆధారం మాత్రమే. కనుక వారం వారం సంచిని ఉతికి ఆరవేయడం శుభ్రత కాదు, కొత్త సంచిని కారేదశకు మళ్ళీ తీసుకొనిపోవడం.

ఐదు చదరపు మీటర్ల బట్టను అదే డ్రమ్ము మీద నిలపడం ఎట్లా అని ఆలోచిస్తూ అన్నానికి కూర్చొన్నాము. మా శ్రీమతి విషయం విని, “ఆరు గజాల చీర నా నడుం చుట్టూ పట్టడం లేదూ? కుచ్చిళ్ళు పోస్తే సరి” అన్నారు. పరిహాసంగా అన్నా, లెక్క అక్షరాలా సరిపోయింది. ఆరు గజాల చీర వైశాల్యం సుమారు 6.3 చదరపు మీటర్లు. మడతల కార్ట్రిడ్జ్ ఫిల్టర్ సూత్రం ఇదే. 50 సెంటీమీటర్ల వ్యాసం, 60 సెంటీమీటర్ల ఎత్తు గల స్తంభంలో 4 సెంటీమీటర్ల లోతు మడతలు 150 ఉంటే, ఒక్కొక్క మడతకు రెండు ముఖాలు కనుక మొత్తం 7.2 చదరపు మీటర్లు. మా గాలి దాని గుండా నిమిషానికి 2 మీటర్ల వేగంతో మాత్రమే పోతుంది. అంటే పాత వేగంలో ఐదో వంతు.

ఈసారి బజారుకు డబ్బుతోపాటు ప్రశ్నలు కూడ తీసుకొని పోయాము. వాటిని వరుసగా ఇస్తున్నాము. చింపి దగ్గర ఉంచుకోవచ్చు.

ఒకటి, వడపోత వైశాల్యం ఎన్ని చదరపు మీటర్లు? మొదట అడగవలసినది ఇదే. దుకాణదారు చెప్పలేకపోతే మడతలు లెక్కపెట్టి, లోతు కొలిచి పై విధంగా మీరే కట్టుకోండి. అయితే మడతలు మరీ దగ్గరగా కూరితే వాటి మధ్య పొట్టు ఇరుక్కొని ఆ వైశాల్యం కాగితం మీదనే మిగులుతుంది. కలప పొట్టుకు మడతల మధ్య వేలి కొన దూరేంత సందు ఉండాలి.

రెండు, “1 మైక్రాన్” అంటే ఎంత శాతం? ఒక మైక్రాన్ కణాలలో సగం ఆపే ఫిల్టర్‌కూ, నూటికి తొంభైతొమ్మిది ఆపే ఫిల్టర్‌కూ అదే చీటీ అంటించవచ్చు. శాతం, పరీక్షా ప్రమాణం పేరు లేని మైక్రాన్ అంకెకు విలువ లేదు. మెర్వ్ అనే శ్రేణిలో చెబితే, 0.3 నుంచి 1 మైక్రాన్ కణాలలో 15వ శ్రేణి కనీసం 85 శాతం, 16వ శ్రేణి కనీసం 95 శాతం ఆపాలి. ఇంటి షెడ్డుకు 15 చాలు. వైశాల్యం చాలినంత లేకుండా హెపాకు పోతే మా రెండో పొరపాటునే మరింత ఖర్చుతో చేసినట్లవుతుంది.

మూడు, పదార్థం ఏమిటి? కాగితపు గుజ్జు కలిసిన రకం చౌక. కాని సముద్రతీరపు తేమలోను, వానకాలంలోను అది మెత్తబడుతుంది, కడగడానికి పనికిరాదు. దారాలు వేడితో అతికించి చేసిన పాలియెస్టర్ రకం ధర ఎక్కువైనా తేమకు తట్టుకొంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. మేము తీసుకొన్నది ఇదే.

నాలుగు, అంచు ఎట్లా కూర్చొంటుంది? డ్రమ్ము అంచు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, బోల్టుల దూరం కొలిచి కాగితం మీద గీసుకొని పోవాలి. కిందిభాగంలో రబ్బరు గాస్కెట్ తప్పనిసరి. బిగింపులో గోరంత సందు ఉంటే ఎంత గొప్ప ఫిల్టరయినా వ్యర్థం. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెదకుకొంటుంది.

ఐదు, దులిపే ఏర్పాటు ఏమిటి? కొన్నిటిలో లోపల రెక్కలు తిప్పే పిడి ఉంటుంది. యంత్రం ఆపిన తర్వాత నెమ్మదిగా నాలుగు చుట్లు తిప్పితే చాలు. జోరుగా తిప్పితే రెక్కలు మడతల కొనలను కోసివేస్తాయి. గాలితో ఊదేటప్పుడు బయటి నుంచి లోపలికి, తక్కువ ఒత్తిడితో, కొంత దూరం నుంచి ఊదాలి. ఆ పని ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకొని చేయాలి.

కొందరు మిత్రులు, ఫిల్టరే లేకుండా గాలిని గోడ అవతలికి వదిలివేయరాదా అని అడుగుతారు. చలిదేశాలలో అట్లా చేస్తే వెచ్చని గాలి పోతుందని జంకుతారు. మనకా బాధ లేదు. చుట్టూ ఖాళీ స్థలం ఉన్నవారికి, పొట్టును ముందుగా డ్రమ్ములో పడవేసే సైక్లోన్ ఒకటి అమర్చి, గాలిని బయటకు వదలడం అన్నిటికంటె మంచిది. పోయిన గాలికి బదులు గాలి రావడానికి కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. కాలనీ క్వార్టర్లలో మాత్రం మన గోడ అవతల పక్కింటివారి దండెం ఉంటుంది. మన ముక్కును కాపాడుకోవడానికి వారి ముక్కుకు ఎసరు పెట్టరాదు. అందువల్లనే మేము ఆ ఆలోచన మానుకొన్నాము.

కొత్త ఫిల్టర్ బిగించిన రోజుననే, ఇన్నాళ్ళు చేయని మరో పని చేశాము. తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు గొట్టం రెండు మీటర్లు తెచ్చి, సగం నీళ్ళు పోసి, ఇంగ్లీషు యూ అక్షరం ఆకారంలో ఒక పలకకు కట్టాము. ఒక కొనను ఫిల్టర్ కింది డ్రమ్ములోకి అమర్చి, రెండోది గాలికి వదిలాము. రెండు వైపుల నీటి మట్టాల తేడాయే ఫిల్టర్ అడ్డగిస్తున్న పీడనం. రెండో సంచితో అది 110 మిల్లీమీటర్లు చూపింది. కొత్త కార్ట్రిడ్జ్‌తో 18. ఆ పలక మీద 18 వద్ద ఆకుపచ్చ గీత, 50 వద్ద ఎర్ర గీత గీశాము. నీరు ఎర్ర గీతను తాకితే దులపాలి. దులిపిన తర్వాత కూడ 36కు తగ్గకపోతే మార్చాలి. ఇవి మా యంత్రానికి మేము పెట్టుకొన్న అంకెలు. మీ యంత్రానికి కొత్త ఫిల్టర్ వేసిన రోజు వచ్చిన అంకె ఆధారంగా మీరే గీసుకోవాలి. ప్రతి ఆదివారం ఆ అంకెను గోడ క్యాలెండరు మీద వ్రాస్తున్నాము. వ్రాయకపోతే సంజాయిషీ అడిగే అధికారం మా శ్రీమతికి ఇచ్చాము.

బిగింపు సరిగా ఉన్నదీ లేనిదీ చూడడానికి చీకటి పడ్డాక యంత్రం వేసి, దీపాలు ఆపి, అంచు పక్కగా టార్చి వెలుగు పడేట్లు చూడండి. ఎక్కడ కారుతున్నా ఆ వెలుగులో ధూళి రేఖ పట్టుబడుతుంది. మాకు ఒక బోల్టు దగ్గర కనబడింది. గాస్కెట్ మడతపడి ఉన్నది. సరిచేశాము.

భద్రత గురించి మూడు హెచ్చరికలు. కలప పొట్టు ఉన్న యంత్రానికి గ్రైండరును ఎన్నడూ కలపరాదు. ఒక్క నిప్పురవ్వ సంచిలో గంటల తరబడి రగిలి అర్ధరాత్రి మంటగా లేవగలదు. కింది సంచి నిండేదాకా చూడక తరచు ఖాళీ చేయాలి. ఆ పొట్టును ఇంటిలో నిలువ ఉంచరాదు. మూడోది, ఫిల్టర్ కాపాడేది గొట్టంలోకి పోయిన దుమ్ము నుంచి మాత్రమే. చేతితో గరుకు కాగితం పట్టేటప్పుడు లేచేది నేరుగా ముక్కుకే వస్తుంది. దానికి భారతీయ ప్రమాణం 9473 ముద్ర ఉన్న, ముఖానికి చక్కగా అంటే మాస్కు పెట్టుకోవాలి. చేతిరుమాలు మాస్కు కాదు.

మీ ఇంటిలో ఇట్టి యంత్రం లేకపోవచ్చు. కాని పెళ్ళికి ముందు తలుపులకు గరుకు కాగితం పట్టించి పాలిష్ వేయించని ఇల్లు ఉండదు. ఆ నాలుగు రోజులు పిల్లలను, ఉబ్బసం ఉన్న పెద్దలను వేరే గదిలో ఉంచి, ఆ గది తలుపు మూసి, పని జరిగే గది కిటికీలు తెరవండి. చీపురుతో ఊడ్చక తడిబట్టతో తుడవండి. ఊడిస్తే దిగిన దుమ్మును మళ్ళీ లేపినట్లే. ఇంటిని ఊడ్చే వాక్యూమ్ క్లీనరు సంచికి కూడ పై లెక్కలే వర్తిస్తాయి.

చివరిగా ఒక మాట. మాకు రంపం పట్టడం నేర్పినది ఈ కాలనీ కట్టిన నాటి నుంచి ఇక్కడ పనిచేసిన ఆచారి గారు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. కొత్త ఫిల్టర్ చూడడానికి వచ్చి, టార్చి పరీక్ష చూసి, చాలసేపు మౌనంగా నిలబడ్డారు. నలభై సంవత్సరాలుగా వారికి ఉదయం లేవగానే దగ్గు ఉన్నది. “వడ్రంగి అన్నాక దగ్గు ఉంటుంది లెండి అయ్యగారూ, మా నాయనకూ ఉండేది” అని ఎప్పుడూ నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు. “మా పెద్దవాడు కూడ ఈ పనిలోనే ఉన్నాడండీ. ఆ ముక్కుకు కట్టుకొనేది ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగారు. మా వద్ద ఉన్న పెట్టెను వారికి ఇచ్చాము. వారు వద్దంటే, గురుదక్షిణ అనుకోండి ఆచారి గారూ, ఆలస్యంగా ఇస్తున్నాము అన్నాము.

మనుమడి దగ్గు పది రోజులలో తగ్గింది. ఫిల్టర్ వల్లనే తగ్గిందని రుజువు చేయలేము. మందు కూడ వాడాము, షెడ్డులోకి రానివ్వడమూ మానుకొన్నాము. రైలుబండి నాలుగో పెట్టె మాత్రం వాడు వెళ్ళిన తర్వాత పూర్తయింది. దసరాకు వస్తాడు. అప్పటికి క్యాలెండరు మీద అంకెలు వరుసగా ఉంటే, తలుపు దగ్గర స్టూలు వేస్తామని మాట ఇచ్చాము. తలుపు దగ్గరే, లోపల కాదు.

వచ్చే సంచికలో జిగురుల ఎంపిక గురించి ముచ్చటించుకొందాము. ఈలోగా మీ షెడ్డులోకి ఎండ కిరణం పడే వేళ ఏదో కనిపెట్టి, ఒకసారి యంత్రం వేసి చూడండి.